ఇన్‌స్టంట్ కెమెరాతో సిటీ ఫోటోలు: ఊరంతా తీయకండి, ఒక గోడ తీయండి

మీ ప్రశ్న చదివాను. తీయగానే ఫోటో షీటు బయటికొచ్చే ఇన్‌స్టాక్స్ మినీ 9 కెమెరా కొన్నారు, రెండు ప్యాకెట్లు అంటే ఇరవై షీట్లు అయిపోయాయి, వాటిలో నచ్చినవి రెండే, అవి కూడా రూమ్‌లో తీసిన ఫ్రెండ్స్ ఫోటోలు. బయట తీసినవన్నీ ఆకాశం తెల్లగా, బిల్డింగులు నల్లగా, మనుషులు ఎక్కడో చీమల్లా వచ్చారు, అదే చోట ఫోన్‌తో తీస్తే బ్రహ్మాండంగా వస్తోంది, మరి కెమెరా పాడైందా, ఫిల్మ్ పాతదా, తప్పు నాదేనా అని అడిగారు.

కెమెరా బానే ఉంది, ఫిల్మూ బానే ఉంది, లేకపోతే రూమ్‌లో తీసిన ఆ రెండూ వచ్చేవి కావు. మీరు ఫోన్‌కి అలవాటు పడ్డ కళ్ళతో ఇన్‌స్టంట్ కెమెరా పట్టుకున్నారు, అదొక్కటే తేడా. నేను పన్నెండేళ్ళుగా ఈ పిచ్చిలో ఉన్నా, మొదటి ఏడాది మొత్తం మీలాగే తగలేశా, అందుకే కాస్త పొడుగ్గానే రాస్తా, ఓపిగ్గా చదవండి.

ముందు సైజు సంగతి. మినీ షీటు మీద బొమ్మ పడే చోటు 62 మిల్లీమీటర్లు బై 46. అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దది, అంతే. ఇరవై అంతస్తుల బిల్డింగుని నిలువునా అందులో ఇరికిస్తే ఒక్కో అంతస్తుకి 3 మిల్లీమీటర్లు వస్తుంది, కిటికీ అంటే ఓ మిల్లీమీటరు, ఇక ఆ కిటికీలో పూలకుండీ, బాల్కనీలో ఆరేసిన దుప్పటి, అసలు మిమ్మల్ని అక్కడ ఆపిన విషయం ఏదైతే ఉందో అది చుక్క కూడా కాదు. ఫోన్‌లో అయితే వేళ్ళతో లాగి పెద్దది చేసుకుని చూస్తాం, ఇక్కడ లాగడానికి ఏం లేదు. అద్దంలో కొండ కొంచెంగా కనబడితే కొండకి పోయేదేం లేదు గానీ మన ఫోటోకి మాత్రం అంతా పోతుంది.

దానికి తోడు ఫోన్ మెయిన్ లెన్స్ 35 ఎంఎం లెక్కలో 24, 26 దగ్గర ఉంటుంది, ఈ అంకె ఎంత చిన్నదైతే అంత వెడల్పు చోటు ఫ్రేమ్‌లో పడుతుంది. మీ మినీలో ఉన్నది 60 ఎంఎం లెన్స్, ఆ ఫ్రేమ్ సైజుకి లెక్కేస్తే 34 దాకా వస్తుంది. కాబట్టి ఫోన్‌లో పట్టిన వీధి ఇందులో పట్టదు, పట్టించాలని మీరు వెనక్కి వెనక్కి వెళ్తారు, వెళ్ళేకొద్దీ కింద ఖాళీ రోడ్డు పైన ఖాళీ ఆకాశం పెరుగుతాయి, తీద్దామనుకున్నది మధ్యలో సన్న గీతలా మిగులుతుంది. మీరు పెట్టిన ఫోటోల్లో ఫ్లైఓవర్ది చూడండి, సగానికి పైగా రోడ్డే.

ఇప్పుడు వెలుగు, అసలు గొడవ ఇక్కడే. ఫోన్ మీకు తెలియకుండా నాలుగైదు ఫోటోలు తీసి, ఆకాశం ఒకదాంట్లోంచి నీడ ఇంకోదాంట్లోంచి తీసుకుని అతికించి చూపిస్తుంది. ఇన్‌స్టంట్ ఫిల్మ్‌కి ఆ తెలివి లేదు, ఒక్కసారి వెలుగు పడుతుంది, అయిపోయింది. ఆ పడిన దాంట్లో కూడా బాగా వెలుగున్న చోటుకీ బాగా చీకటున్న చోటుకీ మధ్య అది మోయగలిగే తేడా చాలా తక్కువ, పాత స్లైడ్ ఫిల్మ్ వాడిన వాళ్ళకి తెలుసు ఈ బాధ. ఎండలో ఉన్న ఆకాశం, నీడలో ఉన్న బిల్డింగు ముఖం, ఈ రెండూ ఒకే షీట్‌లో రావు. ఏదో ఒకటే ఎంచుకోవాలి, మీరు ఎంచుకోకపోతే అదే ఎంచుకుంటుంది.

మీ మినీ 9 విషయంలో ఇంకో లెక్క ఉంది, దీన్ని చాలామంది పట్టించుకోరు. ఫిల్మ్ ఐఎస్ఓ, అంటే వెలుగుని పట్టే చురుకుదనం, 800. షట్టర్, అంటే వెలుగు లోపలికొచ్చే సమయం, సెకనులో 1/60 వంతు దగ్గర ఫిక్స్, మారదు. డయల్ తిప్పితే మారేది అపెర్చర్, అంటే వెలుగు వచ్చే రంధ్రం ఒక్కటే, ఎఫ్ 12.7, 16, 22, 32, అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నది. మబ్బు లేని మిట్టమధ్యాహ్నం ఎండలో ఐఎస్ఓ 800 కి ఎఫ్ 16 పెడితే షట్టర్ 1/800 కావాలి, అంటే 1/60 దగ్గర ఎఫ్ 32 పెట్టినా దాదాపు రెండు స్టాపులు (ఒక్కో స్టాపుకి వెలుగు రెట్టింపు) వెలుగు ఎక్కువే పడుతుంది. ఇందులో ఎవరి తప్పూ లేదు, ఈ కెమెరా తయారైందే గదిలో, పార్టీలో, రెండు మీటర్ల దూరంలో ఉన్న మొహాల కోసం. ఆ ఎండలో ఆకాశం గానీ సున్నం కొట్టిన గోడ గానీ తెల్లకాగితం అయిపోక ఏమవుతుంది మరి.

దీనికి నేను చేసేది చెప్తా, నవ్వకండి. పాత చలవ కళ్ళద్దాల్లోంచి ఒక అద్దం ఊడదీసి జేబులో పెట్టుకుంటా, మరీ నల్లది కాదు, లేత బూడిద రంగుది. ఎండ గట్టిగా ఉన్నప్పుడు దాన్ని లెన్స్ ముందు అడ్డం పెట్టి తీస్తా. పక్కనున్న, వెలుగు కొలిచే సెన్సార్ కన్ను మూయకూడదు, లెన్స్ మాత్రమే మూయాలి. ఆటోమేటిక్ ఎక్స్‌పోజర్, అంటే ఎంత వెలుగు పడాలో కెమెరానే చూసుకునే పద్ధతి, ఉన్న కొత్త మోడళ్ళలో అయితే రెండూ మూసేస్తే కెమెరా చీకటనుకుని ఇంకా ఎక్కువ వెలుగు లాగేస్తుంది, చేసిన పని బూడిదలో పోసిన పన్నీరు. గోధుమ రంగు అద్దం పెడితే ఫోటో మొత్తం అదే రంగులోకి తిరుగుతుంది, కొందరికి అది ఇష్టం కూడా, నాకు పడదు.

ఇదంతా లేకుండా సులువైన దారి ఒకటుంది, ఆకాశాన్ని ఫ్రేమ్‌లోంచి తీసేయండి. నిజంగా అంతే. నేను కొత్తవాళ్ళకి పెట్టే రూలు ఒకటే, మొదటి రెండు ప్యాకెట్లలో ఒక్క ఫోటోలో కూడా ఆకాశం కనబడకూడదు. ఆకాశం పోగానే స్కైలైన్ పోతుంది, మేడలు పోతాయి, ఏం తీయాలో తెలీక కాసేపు అయోమయంగా ఉంటుంది, అప్పుడు కళ్ళు కిందికి దిగి గోడల మీద, మెట్ల మీద, షాపు షట్టర్ల మీద, తలుపుల మీద పడతాయి. ఇన్‌స్టంట్ ఫిల్మ్‌కి కావాల్సిన సిటీ అదే. రెండు మీటర్ల నుంచి ఆరేడు మీటర్ల లోపు ఉండి, అంతా ఒకే రకం వెలుగులో ఉన్న ఏదో ఒక ఉపరితలం.

ఒకటి చెప్తాను. నేను రోజూ ఎక్కి దిగే ఒక ఆఫీసు బిల్డింగు వెనక మెట్లు ఉండేవి, లిఫ్ట్ పాడైనప్పుడు తప్ప ఎవరూ వాడరు. గోడకి నడుము ఎత్తు దాకా లేత నీలం రంగు, పైన తెలుపు, ఆ రెండూ కలిసే గీత మెట్లతో పాటు ఏటవాలుగా పైకి పోతూ ఉంటుంది. సాయంత్రం నాలుగున్నర ప్రాంతంలో వెంటిలేటర్లోంచి ఎండ పలక ఒకటి వచ్చి ఆ గీత మీద సరిగ్గా పడేది, పది నిమిషాలు ఉండి జారిపోయేది. మొదటి రోజు నేను మొత్తం మెట్ల దారి రావాలని పైనుంచి తీశా, కన్నుకి బావుంది గానీ ఫోటోలో ఒక నల్లటి బావి, దాంట్లో తెల్ల చుక్క. రెండో రోజు ఎండ పలకకి ఎక్స్‌పోజర్ సరిచేశా, గోడ మొత్తం మునిగిపోయింది. మూడో రోజు తీయలేదు, ఊరికే నిలబడి చూశా. అప్పుడు కనబడింది, ఎండ గోడ మీద నుంచి జారిపోయాక ఓ ఐదు నిమిషాలు నేల మీద పడి కింద నుంచి గోడకి మెత్తటి వెలుగు కొడుతోంది, అప్పుడు నీలం నీలంగా ఉంది, తెలుపు తెలుపుగా ఉంది, రెయిలింగ్ చివర చేతులు రుద్ది రుద్ది పెయింటు పోయిన చోట ఇనుము మెరుస్తోంది. నాలుగో రోజు రెండు మీటర్ల దూరంలోంచి ఆ రెయిలింగ్ మలుపు ఒక్కటే తీశా. పన్నెండేళ్ళలో నా దగ్గరున్న మంచి పది ఫోటోల్లో అదొకటి, అందులో బిల్డింగు లేదు, మెట్లు కూడా రెండే ఉన్నాయి, అయినా చూసిన ప్రతివాళ్ళూ ఇది ఏదో ఆఫీసు మెట్లు కదా అంటారు.

ఫ్లాష్ గురించి. మీ మోడల్లో ఫ్లాష్ ఆపే బటన్ లేదు, ప్రతి షాట్‌కీ వెలుగుతుంది. దాని రేంజ్ 2.7 మీటర్ల దాకానే, అంటే వీధి అవతల ఉన్న షాపు మీద దాని ప్రభావం సున్నా, కానీ మీ ముందున్న స్తంభం మీద మాత్రం పడి అది తెల్లగా దెయ్యంలా నిలబడుతుంది. గాజు తలుపులు, షోకేసులు, బస్సు కిటికీ లోంచి తీసేవి, రేడియం స్టిక్కర్ అంటించిన బోర్డులు, వీటికి ఎదురుగా నిలబడి నొక్కితే మీకు వచ్చేది ఒక తెల్ల పేలుడు. పక్కకి జరిగి ఏటవాలుగా తీయండి, లేకపోతే కెమెరా మీద ఫ్లాష్ వెలిగే చోటిని మాత్రమే మూసేలా నల్ల ఎలక్ట్రికల్ టేపు ముక్క అంటించండి, పక్కనున్న సెన్సార్ల మీదకి రాకుండా. నేను వేలు అడ్డం పెట్టేవాణ్ణి, కొన్ని ఫోటోల్లో నా వేలు ఎర్రగా వెలిగి మూలన కనబడుతుంది, టేపే మేలు.

మీరు అడిగిన ఇంకోటి, బిల్డింగులు వెనక్కి పడిపోతున్నట్టు వస్తున్నాయేంటి అని. కెమెరా పైకెత్తితే అంతే, ఏ కెమెరా అయినా అంతే, ఫోన్ దాన్ని సరిదిద్దుకునే వీలిస్తుంది ఇది ఇవ్వదు. ఎదురు బిల్డింగు రెండో అంతస్తు వరండా దొరికితే అక్కడికెళ్ళి కెమెరా నిటారుగా పట్టుకోండి. దొరక్కపోతే పూర్తిగా వదిలేసి బాగా దగ్గరికెళ్ళి నిట్టనిలువుగా పైకి తీయండి, సగం సగం వాలడం కంటే అదే నయం. వ్యూఫైండర్ లెన్స్ పక్కన ఉంటుంది కాబట్టి మీరు చూసింది, పడింది ఒకటి కాదు, దూరంగా ఉన్నవాటికి తేడా తెలీదు గానీ మీటరు దూరంలో బోర్డు మీద అక్షరాలు తీస్తే చివరి అక్షరం తెగిపోతుంది. ఒక్క షీటు ఖర్చు పెట్టి గోడ మీద టేపుతో ప్లస్ గుర్తు పెట్టి తీసి చూస్కోండి ఎటు ఎంత జరుగుతుందో, ఆ తర్వాత చెయ్యే అలవాటు పడుతుంది.

బోర్డులు, అక్షరాలు అన్నాను కాబట్టి వాకర్ ఎవాన్స్ సంగతి చెప్పాలి. అమెరికాలో 1930ల నాటి ఫోటోలతో ఎంతో పేరున్న మనిషి, పెద్ద పెద్ద ప్లేట్ కెమెరాలతో పనిచేసినవాడు, 1973లో డెబ్బైకి దగ్గరపడ్డ వయసులో, ఒళ్ళు బాగోలేని రోజుల్లో పోలరాయిడ్ కంపెనీ ఇన్‌స్టంట్ కెమెరా ఎస్ఎక్స్-70 పట్టుకున్నాడు, అది మడత పెట్టి కోటు జేబులో వేసుకునే కెమెరా, 1972లోనే వచ్చింది. కంపెనీ వాళ్ళే ఫిల్మ్ ఇచ్చారు, రెండేళ్ళలోపే రెండున్నర వేల పైచిలుకు తీశాడు. ఏం తీశాడు అంటే రోడ్డు మీద పెయింటుతో వేసిన బాణం గుర్తులు, బోర్డుల మీద ఒకటి రెండు అక్షరాలు, చెత్త, కిటికీలు, మనుషుల మొహాలు బాగా దగ్గరగా. ఒక ఊరికి గుర్తుగా ఒక బోర్డులో సగం అక్షరం చాలని ఆయన ఫోటోలు చూశాకే నాకు తెలిసింది. కెర్టెస్ అని ఇంకో ఫోటోగ్రాఫర్, భార్య పోయాక న్యూయార్క్‌లో తన ఫ్లాట్ కిటికీ దగ్గర కూర్చుని అదే ఎస్ఎక్స్-70తో కిటికీ గట్టు మీద గాజు బొమ్మ పెట్టి, దాని వెనక మసగ్గా ఊరు కనబడేలా తీస్తూ పోయాడు. ఊరు మొత్తం ఆ బొమ్మ భుజం పక్కన ఓ నీలి మరకలా ఉంటుంది. మీకు కిటికీ ఉంది కదా.

సరే, ఎంత చెప్పినా మీకు ఆ బిల్డింగు మొత్తం కావాలి అనుకోండి, నాకూ అలా అనిపిస్తుంది ఒక్కోసారి. అప్పుడు ఒక షీట్‌లో ఇరికించకండి, ఎక్కువ షీట్లలో పరవండి. డేవిడ్ హాక్నీ అనే ఇంగ్లండ్ చిత్రకారుడు 1982లో చేసింది ఇదే, పోలరాయిడ్లు పదులకొద్దీ తీసి, తెల్ల బోర్డర్లతో సహా పక్కపక్కన గళ్ళలా పేర్చేవాడు, ఒకే చోట నిలబడి కాదు, ముందుకీ పక్కకీ కదులుతూ. అంత వద్దు మనకి, ఆరు చాలు.

నేను ఒక పాత సినిమా హాలు ముఖం అలా తీశా, కూల్చేస్తారని తెలిసి. మూడు నిలువు, రెండు వరసలు. అందులో నేర్చుకున్నవి చెప్తా. ముందు కాగితం మీద గళ్ళు గీసుకుని ఏ గడిలో ఏం రావాలో రాసుకోండి, లేకపోతే నాలుగో షీటు దగ్గర మీరు ఎక్కడున్నారో మర్చిపోతారు. గడికీ గడికీ మధ్య కాస్త అతివ్యాప్తి ఉండనివ్వండి, అంటే ఒకే కిటికీ రెండు ఫోటోల్లోనూ కొంచెం కొంచెం కనబడాలి, ఎందుకంటే మధ్యలో తెల్ల బోర్డర్ ఉంది, అది కంటిని ఆపేస్తుంది, ఆపిన చోట కన్నుకి దారి దొరకాలి. మబ్బులు కదిలే రోజు వద్దు, నాకు ఆరింటిలో ఒకటి ఎండలో వచ్చింది మిగతా ఐదూ మబ్బులో, అదొక్కటీ వేరే ఊరి హాలులా ఉంది. ఇంకా అన్నిటికంటే ముఖ్యం, మొదటిది వచ్చి పూర్తిగా డెవలప్ అయ్యేదాకా రెండోది తీయకండి. ఎక్స్‌పోజర్ తప్పు అయితే ఆ తప్పు ఒక్క షీట్‌తో పోతుంది, లేదంటే ఆరూ పోతాయి. ఆ హాలు ఇప్పుడు లేదు. కింద వరసలో మధ్య ఫోటోలో టికెట్ల కిటికీ దగ్గర గోడకి కాళ్ళు ఆనించి ఆనించి పడ్డ మురికి గుర్తు ఉంటుంది చూడండి, హాలు మొత్తం ఒకే ఫోటోలో తీసిన ఎవరి దగ్గరా అది లేదు.

ఫిల్మ్ లోపల ఏం జరుగుతుందో కాస్త తెలిస్తే సగం తప్పులు వాటంతటవే పోతాయి. కింద బోర్డర్ వెడల్పుగా ఎందుకుంటుందో గమనించారా, అందులో చిన్న సంచిలాంటి దాంట్లో పేస్టు ఉంటుంది. షీటు బయటికొచ్చేటప్పుడు రెండు రోలర్లు దాన్ని పిండి మొత్తం మీద పలచగా పరుస్తాయి, అక్కడి నుంచి రంగులు కదిలి పైకొస్తాయి. అందుకే బయటికొచ్చే షీటుని చేత్తో లాగకూడదు, ఆగిపోయినట్టున్నా లాగకూడదు, పేస్టు సరిగ్గా పరుచుకోక చారలు పడతాయి. ఊపకూడదు కూడా. ఊపడం అనేది తొలినాళ్ళ ఫిల్మ్‌లో ఫోటో తడిగా ఉండి ఆరబెట్టాల్సొచ్చిన రోజుల అలవాటు, ఇప్పుడు అంతా లోపలే మూసి ఉంటుంది, ఊపితే లోపల పొరలు విడిపోయే అవకాశం తప్ప లాభం లేదు. కత్తెరతో బోర్డర్ కత్తిరించడం కూడా వద్దు, లోపలిది క్షారం, చేతికి మంచిది కాదు. రోలర్ల మీద ఆ పేస్టు ఎండి అంటుకుంటే ప్రతి ఫోటోలో ఒకే ఎత్తున చుక్కలు వరసగా పడతాయి, ప్యాకెట్ మార్చేటప్పుడు తడిగుడ్డతో తుడిచి ఆరనిస్తే పోతుంది.

వేడి, చలి. ఈ పేస్టు పని రసాయనం పని కాబట్టి వాతావరణాన్ని బట్టి మారుతుంది. ఇన్‌స్టాక్స్ 5 నుంచి 40 డిగ్రీల దాకా ఓర్చుకుంటుంది, పోలరాయిడ్ ఫిల్మ్ అంత మొండిది కాదు, 13 నుంచి 28 మధ్యే బాగుంటుంది, చల్లగా ఉంటే నీలంగా వెలిసిపోయి వస్తుంది, వేడిగా ఉంటే పసుపు, గులాబీ రంగుల్లోకి తిరుగుతుంది. చలిలో తీసిన షీటుని చొక్కా లోపల జేబులో, ఒంటికి ఆనేలా పెట్టుకోవడం అందరూ చేసే పనే. నేను ఒకసారి ఎండలో నిలబెట్టిన కారు డాష్‌బోర్డు మీద కెమెరా వదిలేసి రెండు గంటలు తిరిగొచ్చా, ఆ ప్యాకెట్‌లో మిగిలిన ఏడు షీట్లూ ఎర్రమట్టి నీళ్ళలో ముంచినట్టు వచ్చాయి. కొందరు అది ఆర్ట్ అన్నారు, నాకు మాత్రం ఏడుపొచ్చింది. ప్యాకెట్లు ఫ్రిజ్‌లో కింద అరలో పెట్టండి, ఫ్రీజర్‌లో కాదు, వాడే ముందు బయట పెట్టి మామూలు వేడికి రానివ్వండి.

కెమెరా మార్చాలా అని కూడా అడిగారు. ఇప్పుడే వద్దు, ముందు దీంతో ఐదారు ప్యాకెట్లు తీయండి. తర్వాత మారాలనిపిస్తే సిటీ పనికి నేను ఇన్‌స్టాక్స్ వైడ్ చెప్తాను, బొమ్మ 62 బై 99, వీధి ఆకారానికి అడ్డంగా సరిపోతుంది. కాకపోతే వైడ్ 300లో ఒక తిరకాసు, లెన్స్ రింగుకి రెండే స్థానాలు, ఒకటి 0.9 నుంచి 3 మీటర్లు, ఇంకోటి 3 మీటర్ల అవతల అంతా. కొత్తవాళ్ళు ఆన్ చేసి తిప్పకుండానే బిల్డింగు తీసేస్తారు, అంతా మెత్తగా వచ్చిందని లెన్స్‌ని తిడతారు. రింగు తిప్పడం గుర్తుంటే చాలు. మినీ 90 లాంటివాటిలో ల్యాండ్‌స్కేప్ మోడ్, ఫ్లాష్ ఆపే వీలు, పది సెకన్ల దాకా బల్బ్ (బటన్ నొక్కి ఉంచినంతసేపూ వెలుగు పడటం), డబుల్ ఎక్స్‌పోజర్ (ఒకే షీట్ మీద రెండు షాట్లు) ఉంటాయి, రాత్రి ఫోటోల పిచ్చి ఉంటే అది చూడండి.

పోలరాయిడ్ వైపు వెళ్తే షీట్లు ప్యాకెట్‌కి ఎనిమిదే, బొమ్మ పెద్దది, రంగులు పాత జ్ఞాపకంలా ఉంటాయి, నాకు వాటి నీడలంటే ప్రాణం. కానీ చేతిలో అంత నమ్మకంగా ఉండదు, బయటికొచ్చిన మొదటి క్షణాల్లోనే వెలుగు తగలకుండా తిప్పి జేబులో పెట్టేయాలి, రంగుది పూర్తిగా తేలడానికి పావుగంట పడుతుంది. పాత 600 కెమెరా దొరికిందని కొత్త ఐ-టైప్ ఫిల్మ్ కొని వేసి కెమెరా చచ్చిపోయిందనుకునేవాళ్ళు బోలెడుమంది, 600 ప్యాకెట్ లోపల బ్యాటరీ ఉంటుంది, ఐ-టైప్ ప్యాకెట్‌లో ఉండదు, అదే కారణం. ఇంకా ఎవరైనా అటక మీద దొరికిన 2008 నాటి పోలరాయిడ్ ప్యాకెట్ అమ్ముతానంటే తీసుకోకండి. ఆ ఏడాదే కంపెనీ ఇన్‌స్టంట్ ఫిల్మ్ ఆపేస్తున్నట్టు చెప్పింది, నెదర్లాండ్స్‌లో ఎన్స్‌హెడే ఫ్యాక్టరీని కొందరు అభిమానులు, పాత ఉద్యోగులు కలిసి నిలబెట్టుకుని 2010లో కొత్త ఫిల్మ్ తెచ్చారు కాబట్టి ఇవాళ మనకి దొరుకుతోంది, కానీ ఆ పాత ప్యాకెట్లలో పేస్టు ఎప్పుడో ఎండిపోయి ఉంటుంది.

ఇంకో మాట, ఇన్‌స్టంట్ అని పేరు పెట్టి అమ్మే కెమెరాల్లో కొన్ని జింక్ కాగితం మీద ప్రింట్ చేసేవి ఉంటాయి, అది వేడితో రంగు తేలే కాగితం, లోపలంతా డిజిటలే. తప్పు కాదు, కానీ మీకు కావాల్సింది ఆ వెలుగు నేరుగా ఫిల్మ్ మీద పడటం అయితే అది కాదు.

రాత్రి గురించి కొంచెం. మీ మినీ 9తో రాత్రి వీధి రాదు, మొండికేయకండి. రాత్రిలా కనిపించే ఫోటో కావాలంటే సూర్యుడు దిగిన పావుగంట ఇరవై నిమిషాలకి, ఆకాశం వెలుగూ షాపుల లైట్ల వెలుగూ దాదాపు సమానమయ్యే ఓ చిన్న సందు ఉంటుంది, అప్పుడు బాగా వెలుగుతున్న షాపు ముందు మూడు మీటర్లలో నిలబడి, కెమెరాని ఏదైనా గట్టు మీద ఆనించి తీయండి. బల్బ్ ఉన్న కెమెరా అయితే నాలుగైదు సెకన్ల నుంచి మొదలుపెట్టండి, బళ్ళ లైట్లు గీతల్లా వస్తాయి, రంగులు ఎలాగూ అటూ ఇటూ పోతాయి, వాటిని పట్టించుకోకండి. డబుల్ ఎక్స్‌పోజర్ చేసేటప్పుడు ఒకటే సూత్రం, మొదటి షాట్‌లో తెల్లగా వచ్చిన చోట రెండోది పడదు, నల్లగా ఉన్నచోటే పడుతుంది. కాబట్టి ముందు ఆకాశం ముందు నిలబడ్డ మనిషి నల్లటి ఆకారం తీసి, తర్వాత ఇటుక గోడ తీస్తే మనిషి ఒళ్ళంతా ఇటుకలు. అందరూ చేస్తారు ఇది, మీరూ ఒకసారి చేసి సరదా తీర్చుకోండి.

మనుషులు ఫ్రేమ్‌లో ఉంటే అడిగి తీయండి, అడిగితే సహజత్వం పోతుందనేవాళ్ళతో నాకు పేచీ ఉంది. ఈ కెమెరా చప్పుడే ఊరంతా వినిపిస్తుంది, దొంగతనంగా తీయడం ఎలాగూ కుదరదు. నేను రెండు తీసి ఒకటి వాళ్ళకిస్తా, ఎప్పుడూ బాగా వచ్చిందే ఇస్తా, అది కష్టమైన పని. తాళాలు బాగుచేసే ఒకాయనకి అలా ఇస్తే, మూడేళ్ళ తర్వాత వెళ్ళినప్పుడు ఆ ఫోటో ఆయన బల్ల మీద గాజు కింద ఉంది, ఎండకి పూర్తిగా వెలిసిపోయి, మొహం పోయి, వెనక గోడ మీద వేలాడే తాళంచెవుల గుత్తులు మాత్రం లేత పసుపులో మిగిలి. మళ్ళీ తీసిచ్చా. అందుకే చెప్తున్నా, ఫోటోలు ఎండ తగిలే చోట గోడకి పెట్టకండి, పెట్టెలో నిలబెట్టి దాచండి, తేదీ, చోటు కింద బోర్డర్ మీద పర్మనెంట్ మార్కర్‌తో రాయండి, బాల్ పెన్‌తో గట్టిగా నొక్కి రాస్తే గీత ముందువైపు తేలుతుంది. స్కానర్ లేకపోతే కిటికీ పక్కన బల్ల మీద పెట్టి, పక్క నుంచి వెలుగు పడేలా, ఫోన్ నిటారుగా పట్టుకుని తీస్తే ఫోటో మీద మెరుపు రాదు.

ఒకే చోటు మళ్ళీ మళ్ళీ తీయమని కూడా చెప్తాను. జేమీ లివింగ్‌స్టన్ అని న్యూయార్క్‌లో ఒకాయన, 1979 మార్చి 31 నుంచి 1997 అక్టోబర్ 25న తను చనిపోయిన రోజు దాకా, రోజుకి ఒక్క పోలరాయిడ్ చొప్పున తీశాడు. చాలావాటిలో ఏమీ ఉండదు, బల్ల, వీధి, ఎవరో ఫ్రెండు. వరసగా చూస్తే కదలబుద్ధి కాదు. మనకి రోజూ కుదరదు, జేబు ఒప్పుకోదు, నేను నెలకి ఒకటి పెట్టుకున్నా, ఒక బస్టాపు బెంచీ, ఒకే చోట నిలబడి, ఒకే టైముకి. మొదటి ఆరు నెలలు విసుగు పుట్టింది. తర్వాత బెంచీ వెనక గోడ మీద పోస్టర్లు మారుతున్నాయి, చెట్టు కొమ్మ ఫ్రేమ్‌లోకి వస్తోంది, పోతోంది, ఒక నెల బెంచీ పలక ఒకటి విరిగింది, రెండు నెలలకి వేరే రంగు పలక వేశారు. మొత్తం ముప్పై ఒకటి ఉన్నాయి, ముప్పై రెండో నెల వెళ్తే బస్టాపే లేదు, అదీ తీశా.

ఇక మీ మూడో ప్యాకెట్ సంగతి. పది షీట్లూ ఒకే సాయంత్రం, మీ ఇంటి నుంచి నడిచి వెళ్ళే దూరంలో, నీడలో ఉన్న ఒకే ఒక్క గోడ దగ్గర వాడండి. డయల్ సూచించిన గుర్తు దగ్గర ఒకటి, దానికి ఒక మెట్టు పైన ఒకటి, కింద ఒకటి, ఈ మూడూ కదలకుండా ఒకే ఫ్రేమ్. తర్వాత రెండు మీటర్లలో మూడు, నాలుగు మీటర్లలో మూడు. పదోది మీ ఇష్టం. కింద బోర్డర్ మీద మార్కర్‌తో నంబర్లు, డయల్ స్థానం రాసి, పదీ నేల మీద పరిచి ఒకే ఫోటో తీసి ఇక్కడ పెట్టండి, ఏ మెట్టు దగ్గర మీ కెమెరా నిజం చెప్తోందో చూసి చెప్తా. ప్యాకెట్ సగంలో ఉండగా వెనక తలుపు మాత్రం తెరవకండి, వెలుగు తగిలి షీట్లు పాడవుతాయి, ఎన్ని మిగిలాయో చూద్దామని నేను తెరిచా ఒకసారి.